గోష్ఠిలో పాడితే పిల్లలకు పాట వస్తుందా, ఉన్న శ్రుతి పోతుందా?

వేళచ్చేరి పిట్ట:

అందరికీ నమస్కారం. చెన్నైలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళం కలిసి ఈసారి త్యాగరాజ ఆరాధనకి గోష్ఠి గానం పెట్టుకుందామనుకుంటున్నాం. పుష్య బహుళ పంచమికి ఇంకా పది వారాలుంది. మొత్తం 16 మందిమి. 8 నుంచి 13 ఏళ్ళ పిల్లలు పది మంది, ఆడవాళ్ళం నలుగురం, మగవాళ్ళు ఇద్దరు. పిల్లల్లో నలుగురు వర్ణాల దాకా వచ్చారు, ముగ్గురు గీతాల్లో ఉన్నారు, మిగతా ముగ్గురూ ఇంకా మొదటి మెట్లలోని జంట స్వరాలే. ఒకబ్బాయి మృదంగం నేర్చుకుంటున్నాడు, ఒకమ్మాయికి కీబోర్డ్ వచ్చు.

పిల్లలకు విడిగా పాఠం చెప్పే టీచర్ గారు ఒకరు "గుంపులో పాడితే అరవడం అలవాటవుతుంది, శ్రుతి చెడుతుంది" అంటున్నారు. కొందరు తల్లిదండ్రులేమో "నలుగురితో కలిస్తేనే భయం పోతుంది, తొందరగా వస్తుంది" అంటున్నారు. ఇందులో ఏది నమ్మాలి? గోష్ఠి వల్ల నిజంగా సంగీతం వస్తుందా, లేక ఆ ఒక్కరోజు కోసం బట్టీ పట్టించడమేనా? ఏ శ్రుతికి పెట్టుకోవాలి, త్యాగరాజు పంచరత్న కృతులు ఐదూ పెట్టుకోవచ్చా, సాధన ఎలా చేయించాలి? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి.

తంబురా తీగ:

ఇద్దరి మాటా నిజమేనండీ. పాడేటప్పుడు పిల్లకి పక్కవాళ్ళ గొంతు వినిపిస్తోందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది అంతా. వినిపిస్తుంటే గోష్ఠిని మించిన బడి లేదు. వినిపించకపోతే టీచర్ గారు భయపడ్డదే జరుగుతుంది.

అరుపు ఎక్కణ్ణుంచి వస్తుందో చూడండి. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. పెళ్ళి పంక్తిలో అందరూ కేకలేసి మాట్లాడుకోవడం అదే. శబ్దశాస్త్రంలో దీనికి లొంబార్డ్ ప్రభావం అని పేరు కూడా ఉంది. పదహారు మంది ఒక హాల్లో పాడుతుంటే ఒకరు కాస్త పెంచుతారు, పక్కవారు తమ గొంతు తమకే వినపడక ఇంకాస్త పెంచుతారు. రెండు మూడు నిమిషాల్లో తంబురా మునిగిపోతుంది. గొంతు బిగుస్తుంది, బిగిసిన గొంతు శ్రుతిలో నిలవదు. దీనికి విరుగుడు ఒకటే. మొదటి రోజునుంచే పిల్లలకు ఒక కొలత చెప్పండి: "నీ పక్కనున్న ఇద్దరి గొంతులూ, తంబురా, మూడూ నీకు వినిపిస్తుండాలి. ఏ ఒక్కటి వినపడకపోయినా నువ్వు తగ్గించు." పాట మధ్యలో చెయ్యి కిందికి చూపిస్తే అందరూ సగానికి తగ్గించే అలవాటు చేయండి. మొదటి మూడు వారాలూ మైకు ఊసే వద్దు.

శ్రుతి సంగతి. ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు ఐదున్నర, ఆరు హాయిగా ఉంటుంది (ఇది హార్మోనియం మెట్ల లెక్క, అంకె పెరిగేకొద్దీ శ్రుతి హెచ్చు). ఆడవాళ్ళకి నాలుగున్నర నుంచి ఐదున్నర. మగవాళ్ళు మామూలుగా ఒకటి, రెండు. మీ గుంపులో పిల్లలూ ఆడవాళ్ళూ కలిసి పద్నాలుగు మంది కాబట్టి ఐదు గానీ ఐదున్నర గానీ పెట్టుకోండి. మగవాళ్ళ కోసమని మూడుకో నాలుగుకో దించితే ఎవరికీ కుదరదు. పిల్లలకు మంద్రం (కింది స్థాయి) అందదు, మగవాళ్ళకి తారస్థాయి (పై స్థాయి) అందదు. ఐదుకే ఉంచి మగవాళ్ళని ఒక స్థాయి కింద పాడమనండి. అప్పుడు వాళ్ళకి మధ్యస్థాయి పంచమం ('ప') నుంచి తారస్థాయి పంచమం దాకా బాగా పలుకుతుంది, మధ్యస్థాయి షడ్జం ('స') కంటే కిందికి వెళ్తే మాత్రం గాలే వస్తుంది. అందుకని పల్లవిలో కిందికి దిగే సంగతులు (ఒకే వాక్యాన్ని మార్చి మార్చి పాడే వరసలు) వదిలేసి అనుపల్లవి నుంచి కలవమనండి. అనుపల్లవిలో వాళ్ళు చేరగానే పాట నిండుగా కూడా అవుతుంది. చెయ్యకూడనిది ఒకటుంది: ఒకే వాక్యం మధ్యలో స్థాయి మార్చడం. పై షడ్జం అందక కిందికి దూకితే పక్కనున్న పిల్లలు కూడా వెంటనే తడబడతారు.

ఇక శ్రుతి సాధన. రోజూ మొదటి ఎనిమిది నిమిషాలు దీనికే. శ్రుతి పెట్టె ఐదుకి పెట్టి ఇద్దరు పిల్లల్ని ఎదురెదురుగా మూరెడు దూరంలో నిలబెట్టండి. నోరు మూసుకుని మధ్యస్థాయి షడ్జం 'మ్' అని పట్టమనండి. ఐదు శ్రుతిలో ఆ షడ్జం సుమారు 196 హెర్ట్జ్. ఒకరు 196లో, ఇంకొకరు 198లో ఉన్నారనుకోండి, శబ్దం సెకనుకి రెండుసార్లు వూమ్, వూమ్ అని కొట్టుకుంటుంది. వినమనండి. ఇద్దరూ దగ్గరయ్యేకొద్దీ ఆ కొట్టుకోవడం నెమ్మదించి, కలిసిన క్షణంలో ఆగిపోతుంది. "శ్రుతి తప్పింది" అని ఎవరో చెప్తే పిల్లకి ఏం చెయ్యాలో తెలియదు, ఎటు తప్పిందో చెప్పినా తెలియదు. ఇక్కడ తప్పు చెవికే తగులుతుంది, సర్దుకోవడం కూడా చెవే నేర్చుకుంటుంది. తర్వాత పంచమానికి, ఆ పైన 'ఆ'కారానికి వెళ్ళండి. ఒక్కర్నే కూర్చోబెట్టి నేర్పే పాఠంలో దొరకని లాభం ఇది. అక్కడ పిల్ల గొంతుకి తోడు తంబురా ఒక్కటే, ఇక్కడ సజీవమైన ఇంకో గొంతు.

ఇంకో లాభం కూడా చెప్పాలి. విడి పాఠంలో పిల్ల తప్పు పోగానే ఆగి మళ్ళీ పల్లవి ఎత్తుకుంటుంది, ఆగడమే అలవాటవుతుంది. గోష్ఠిలో పాట ఎవరి కోసమూ ఆగదు. తప్పిపోయిన పిల్ల చేత్తో తాళం వదలకుండా, పక్కవాళ్ళు ఎక్కడున్నారో విని, తర్వాతి మాటకి ఎక్కాలి. కచేరీ పాడేవాళ్ళకి కావలసిన మొదటి గుణం అదే.

మిశ్రచాపు:

శ్రుతి గురించి పైన చెప్పింది చాలు, నేను లయ చెప్తాను.

గోష్ఠిలో అందరూ చేసే తప్పు పరుగు. ఎంత పరుగెత్తారో కొలవడం తేలిక. ఫోన్‌లో రికార్డు చేసి, పల్లవి మొదట ఒక ఆవర్తానికి (తాళం ఒక చుట్టుకి) ఎన్ని సెకన్లు పట్టిందో, చివరి చరణంలో ఎన్ని పట్టిందో చూడండి. ఆది తాళం ఎనిమిది అక్షరాలు. నిమిషానికి 60 అక్షరాల నడకైతే ఆవర్తం 8 సెకన్లు. చివరికి 7 సెకన్లకి వచ్చిందంటే 60 కాస్తా దాదాపు 69 అయింది. పెద్దవాళ్ళకి పెద్దగా తెలియదు గానీ స్వరాలు పాడే పిల్లలు అక్కడ నాలుక మడతపడి వదిలేస్తారు. పరుగు ఎక్కడ మొదలవుతుందో కూడా రికార్డులో దొరుకుతుంది. చాలావరకు వాక్యం చివర కార్వైలో. నాలుగక్షరాలు నిలపాల్సిన చోట మూడున్నరకే తర్వాతి మాట అందుకుంటారు. కార్వై ఉన్న ప్రతిచోటా అందరిచేతా వేళ్ళు గట్టిగా లెక్కపెట్టించండి.

తాళం అందరూ వెయ్యాలి, పిల్లలతో సహా. లఘువుకి దెబ్బ, చిటికెన వేలినుంచి మూడు వేళ్ళు, ఆ తర్వాత రెండు ద్రుతాలకి దెబ్బ-విసురు, దెబ్బ-విసురు. తొడమీద చప్పుడు రాకుండా. పదహారు చేతులు చప్పుడు చేస్తే ఒక్కటీ సరిగ్గా కలవదు. చప్పుడు చేసే తాళం జోడు ఒకరి చేతిలోనే ఉండాలి, అది మృదంగం పక్కన కూర్చున్నవాళ్ళకే ఇవ్వండి.

రెండు అభ్యాసాలు చెప్తాను. మొదటిది మౌనం. అందరూ పల్లవి పాడుతుండగా మీరు చెయ్యెత్తగానే అందరూ ఆపేసి ఒక ఆవర్తం తాళం మాత్రం వేస్తారు, లోపల పాట నడుస్తుంటుంది. మళ్ళీ ఎత్తుగడ దగ్గర ఒక్కసారి అందుకోవాలి. మొదటి రోజు సగంమంది ముందే వచ్చేస్తారు. వారం తిరిగేసరికి కుదురుతుంది. అప్పుడు రెండావర్తాలు చెయ్యండి, ఆ తర్వాత చేతులు కట్టుకుని తాళం లేకుండా చెయ్యండి. ఎత్తుగడ సమానికి (తాళం మొదటి దెబ్బకి) కాక అరకో ముప్పావుకో ఉన్న పాటల్లో ఇది బంగారం. ఇక్కడి వాళ్ళు ఎడుప్పు అంటారు, పిల్లలు క్లాసులో ఆ మాటే విని ఉంటారు.

రెండోది మూడు కాలాలు (వేగాలు) ఒకేసారి. మొదటి సరళి స్వరం, పైకి ఎనిమిది, కిందికి ఎనిమిది, పదహారు స్వరాలు. జంట స్వరాల పిల్లలు మొదటి కాలం పాడతారు, వాళ్ళకి రెండావర్తాలు పడుతుంది. గీతాల వాళ్ళు రెండో కాలం, ఒక ఆవర్తంలో అయిపోతుంది, రెండుసార్లు పాడాలి. వర్ణాల వాళ్ళు మూడో కాలం, అరావర్తం చొప్పున నాలుగుసార్లు. రెండావర్తాలు తిరిగి వచ్చేసరికి అందరూ షడ్జం మీద కలవాలి. మధ్యలో స్వరాలు ఒకదానిమీదొకటి పడి గోలగా ఉంటుంది, ఉండనివ్వండి. ఆ షడ్జం కుదిరిన రోజున పిల్లల మొహాలు చూస్తే మీకే తెలుస్తుంది. తర్వాత జట్లు మార్చండి. విడి పాఠంలో ఒక్క పిల్లకి ఇది చేయించడానికి దారే లేదు.

కూర్చోవడం అర్ధచంద్రంగా. మృదంగం మధ్యలో ఉండాలి, చివరన పెట్టొద్దు. శబ్దం మీటరు దూరానికి దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. 12 మీటర్ల వరుసలో మృదంగం ఒక చివర ఉంటే రెండో చివరకి దెబ్బ 35 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. అక్షరానికి నాలుగు స్వరాల నడకలో ఒక్కో స్వరం 250 మిల్లీసెకన్లే, అందులో ఇది ఏడో వంతు. ఆ చివరివాళ్ళు ఎప్పుడూ ఈడుస్తున్నట్టు ఉంటారు, తప్పు వాళ్ళది కాదు పాపం. రెండు వరుసలు చేసి అందరూ మృదంగానికి ఐదు మీటర్లలోపు ఉండేలా చూడండి. ఇదే లెక్కన వీడియో కాల్‌లో కలిసి పాడించాలనుకోవద్దు. అక్కడ ఆలస్యం దీనికి ఎన్నో రెట్లు. కాల్‌లో ఒకరు పాడితే మిగతావాళ్ళు మైకు మూసుకుని పాడుకోవడం వరకే పనికొస్తుంది.

ఆ అబ్బాయి మృదంగం ఏ శ్రుతిదో ఇప్పుడే కనుక్కోండి. 24 అంగుళాల తగ్గు శ్రుతి వాయిద్యాన్ని రాయితో ఎంత కొట్టినా ఐదుకి రాదు, బలవంతం చేస్తే మూత చిరుగుతుంది. ఐదుకి 22 అంగుళాల హెచ్చు శ్రుతిది కావాలి. దొరక్కపోతే కంజీర వాయించమనండి, దానికి శ్రుతి పట్టింపు లేదు.

సంగతులు:

పైవాళ్ళిద్దరూ చెప్పింది ఒప్పుకుంటూనే ఒక హెచ్చరిక. గోష్ఠి వల్ల గమకం (స్వరాన్ని ఊపి, జార్చి పలికే తీరు) చదునైపోతుంది. ఇది పద్ధతి లోపం వల్ల మాత్రమే వచ్చేది కాదు, ఎంత జాగ్రత్తపడ్డా కొంత జరుగుతుంది. పదహారు గొంతులు ఒక కంపితాన్ని ఒకే వెడల్పుతో, ఒకే వేగంతో ఊపలేవు. అందుకని తెలియకుండానే అందరూ దాన్ని నిలువు స్వరంగా దించేస్తారు. ఆరభి రాగమే చూడండి. అందులో గాంధారం మధ్యమాన్ని ఆనుకుని, నిషాదం షడ్జాన్ని ఆనుకుని పొట్టిగా పలికి వెళ్ళిపోవాలి. గుంపులో పిల్లలు ఆ రెంటిమీదా హాయిగా నిలబడతారు. నిలబడ్డారా, అది శంకరాభరణంలో వాలిపోతుంది.

కొంత మేలు చేసే ఉపాయాలున్నాయి. మొదట పాఠాంతరం ఒకటే ఉండాలి. నలుగురు పిల్లలు నలుగురు గురువుల దగ్గర నేర్చుకుని ఉంటే నాలుగు రకాల సంగతులు వస్తాయి. ఎవరిది ఒప్పు అని వాదించుకోకుండా, ఈ కార్యక్రమానికి ఫలానా పాఠం, పల్లవికి ఇన్ని సంగతులు అని రాసి అందరికీ ఇవ్వండి. సంగతుల సంఖ్య తగ్గించండి. ఎనిమిది సంగతులు వచ్చిన పిల్లకి కూడా గోష్ఠిలో నాలుగు చాలు. రాసిన కాయితంలో కంపితం ఉన్న అక్షరం కింద అలల గీత, జారు ఉన్నచోట వాలు గీత పెట్టండి. మూడో సంగతి ఎవరు ఎత్తుకుంటారో కూడా రాయాలి. అది రాయకపోతే సగం మంది రెండో సంగతి మళ్ళీ పాడుతుంటే సగం మంది మూడోది పాడతారు. గోష్ఠిలో వినపడే గందరగోళంలో ఎక్కువ భాగం ఇదే.

ఇంకోటి, దాక్కునే పిల్లలు. ప్రతి గుంపులో ఇద్దరు ముగ్గురు ఉంటారు. పక్కపిల్ల కంటే క్షణం వెనక పాడుతూ పదివారాలూ గడిపేస్తారు. పెదాలు కదుల్తుంటాయి, తల్లిదండ్రులు పాట వచ్చేసిందనుకుంటారు. పట్టుకోవడానికి ఫోన్ చాలు. పాడేటప్పుడు ఒక్కో రోజు ఇద్దరేసి పిల్లల ముందు, జానెడు దూరంలో ఒళ్ళోనో నేలమీదో ఫోన్ పెట్టి రికార్డు చెయ్యండి. గుంపులో ఉన్నా ఆ పిల్ల గొంతే పైన వినిపిస్తుంది. ఇంటికెళ్ళి వినండి. మాట మొదటి అక్షరం ప్రతిసారీ మింగేస్తోందంటే వెనకనుంచి అనుసరిస్తోందని అర్థం. అలాంటి పిల్లని అందరిముందూ నిలదీయకండి, ముగ్గురి జట్టులో వెయ్యండి. ప్రతి సాధనలో చివరి పదిహేను నిమిషాలు ముగ్గురేసి ఒక చరణం పాడాలి. ముగ్గురిలో దాక్కోవడం కుదరదు, ఒంటరిగా పాడినంత భయమూ ఉండదు.

మనోధర్మం, అంటే అప్పటికప్పుడు సొంతంగా అల్లి పాడటం, గోష్ఠిలో రాదు. రాగం, కల్పన స్వరం ఒక్కరే పాడుకుంటూ నేర్వాల్సినవి. కాబట్టి విడి పాఠం మానిపించి దీంట్లో వెయ్యొద్దు.

వేళచ్చేరి పిట్ట:

చాలా థ్యాంక్సండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. రెండు సందేహాలు. కీబోర్డ్ అమ్మాయిని ఎక్కడ కలపాలి? పదమూడేళ్ళ అబ్బాయికి గొంతు పగులుతోంది, అతను బాగా పాడే పిల్లాడు, ఇప్పుడు సిగ్గుపడి రానంటున్నాడు.

తంబురా తీగ:

కీబోర్డ్‌తో జాగ్రత్త. షడ్జం, పంచమం దాదాపు సరిపోతాయి, అంతర గాంధారం (ఆరభిలాంటి రాగాల్లో వచ్చే 'గ') సరిపోదు. ఐదు శ్రుతిలో తంబురాతో కలిసే అంతర గాంధారం సుమారు 245 హెర్ట్జ్, కీబోర్డ్ మీట నొక్కితే వచ్చేది 247. తంబురా పక్కన అదే స్వరం నిలిపితే ఇందాక చెప్పిన కొట్టుకోవడం మళ్ళీ మొదలవుతుంది. పిల్లలు ఎవరితో కలవాలి? పైగా గమకం పలకదు. కృతులకి వాయించొద్దు. దీక్షితుల నొట్టు స్వరాలకి (పాశ్చాత్య బాణీలకి కట్టిన చిన్న పాటలు) వాయించమనండి, అక్కడ గమకమే లేదు కాబట్టి పేచీ తక్కువ. అది కూడా తంబురా చప్పుడు తగ్గించి.

అబ్బాయిని వదులుకోకండి. గొంతు మారేటప్పుడు పై షడ్జానికి బలవంతం చేయించకూడదు, అంతే. మగవాళ్ళతో కలిపి కింది స్థాయిలో, అతనికి ఏ ఐదారు స్వరాలు నిలకడగా ఉంటే అంతవరకే, చిన్న గొంతుతో. వారంవారం ఆ పరిధి మారుతుంది, అడుగుతూ ఉండండి. మిగతా సమయం తాళం జోడు అతని చేతికివ్వండి. లయ నిలిపే బాధ్యత ఇస్తే వస్తాడు.

మాడవీధి:

ఏం పాడాలన్నది ఎవరూ చెప్పలేదు గనక నేను చెప్తాను.

పంచరత్నాలు ఐదూ పది వారాల్లో వద్దు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, ఐదూ ఆది తాళమే అయినా గౌళలో ఆ రిషభం, వరాళిలో ఆ గాంధారం జంట స్వరాల పిల్లలకి అందవు. వరాళి గురుముఖంగా చెప్పకూడదన్న ఆనవాయితీ ఎలాగూ ఉంది. ఆరభి ఒక్కటి తీసుకోండి, 'సాధించెనే'. పైన ఆరభి కష్టాలు చెప్పారు, అయినా అదే ఎందుకంటే దాని కట్టడం మీ గుంపుకి అచ్చంగా సరిపోతుంది. ప్రతి చరణం అయ్యాక 'సమయానికి తగు మాటలాడెనే' అని తిరిగి వస్తుంది. జంట స్వరాల ముగ్గురూ ఆ ఒక్క వాక్యమే పాడాలి. తాళం లెక్కపెట్టుకుంటూ, చరణాలు వింటూ, తమ వంతు రాగానే అందుకోవడం. వర్ణాల పిల్లలూ ఆడవాళ్ళూ చరణాల స్వరం పాడితే గీతాల పిల్లలు సాహిత్యంలో కలుస్తారు. ఒకే కృతిలో మూడు తరగతులు. మిగతా నాలుగూ రికార్డింగులు విని తాళం వెయ్యడం వరకే.

దాని చుట్టూ దివ్యనామ కీర్తనలు పెట్టండి. త్యాగరాజు భజనకోసం కట్టినవి అవి. చరణాలన్నీ ఒకే మట్టు (వరస), కొన్నింట్లో పల్లవికీ చరణానికీ కూడా ఒకటే మట్టు. మట్టు ఒకసారి వస్తే పిల్లల ధ్యాసంతా మాటమీద పెట్టొచ్చు. సహానలో 'వందనము రఘునందన', పున్నాగవరాళిలో 'తవ దాసోహం' బాగుంటాయి. ఒకరు చెప్పి మిగతావాళ్ళు అందుకునే పద్ధతిలో పాడించండి. విన్న వాక్యాన్ని విన్నట్టు వెంటనే తిరిగి పాడటం కంటే జ్ఞాపకానికి పెద్ద సాధన లేదు. మార్గళిలో (ధనుర్మాసంలో) తెల్లవారకముందే మైలాపూర్ కపాలీశ్వరుడి మాడవీధుల్లోకి పిల్లల్ని ఒకసారి తీసుకెళ్ళండి. వాగ్గేయకారుడు పాపనాశం శివన్ నడిపించిన భజన దారి అది. నడుస్తూ పాడేటప్పుడు అడుగే తాళం.

ఒక నొట్టు స్వరం కూడా ఉంటే మంచిది. 'సంతతం పాహి మాం' ఇంగ్లీషు రాజగీతం మట్టే, పిల్లలకి వెంటనే ఎక్కుతుంది. అది పాడేటప్పుడు ఇద్దరు ముగ్గురు పిల్లలు 'ఆ' అని షడ్జమే పట్టుకుని ఉండాలి, ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు ఇంకొకరు నిలిపేలా వంతులేసుకుని. పక్కన వేరే స్వరాలు వినిపిస్తున్నా తన స్వరం వదలకపోవడం ఇంకో మెట్టు. ఇలా వేర్వేరు గొంతులకి వేర్వేరు వరసలిచ్చి మన రాగాలతో బృందగానం చేయించవచ్చని ఈ ఊళ్ళోనే చూపించారు. చిత్తూరులో పుట్టిన సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్ 1971లో మద్రాస్ యూత్ క్వయర్ పెట్టి చేసిన పని అదే. మీరు మొదటి ఏడాదే అంత దూరం వెళ్ళక్కర్లేదు, షడ్జ పంచమాలు చాలు.

ఇప్పుడు చెన్నై పిల్లల అసలు ఇబ్బంది, ఉచ్చారణ. తమిళ లిపిలో క, గ ఒకటే అక్షరం; ప, బ ఒకటే. తమిళంలోనో ఇంగ్లీషు అక్షరాల్లోనో రాసుకున్న పిల్లలు చూసినదే పాడతారు. 'సాధించెనే' అనుపల్లవి తీసుకోండి: 'బోధించిన సన్మార్గ వచనముల బొంకు జేసి తా బట్టిన పట్టు'. బోధించిన అన్నది పోదించిన అవుతుంది, బొంకు కాస్తా పొంకు అవుతుంది. బొంకు అంటే అబద్ధం. తాను చెప్పిన మంచిమాటలనే అబద్ధం చేసి తన పట్టు నెగ్గించుకున్నాడని త్యాగరాజు కృష్ణుణ్ణి నిలదీస్తున్నాడు, ఆ మాట పోతే నిందాస్తుతి మొత్తం పోయినట్టే. 'బట్టిన పట్టు'లో బ, ప పక్కపక్కనే ఉన్నాయి చూడండి, రెండూ తేడాగా వినపడాలి. తెలుగు చదవడం వచ్చిన పిల్లలకి తెలుగులోనే ఇవ్వండి. రానివాళ్ళకి తమిళ అక్షరం పక్కన 1, 2, 3, 4 అని చిన్న అంకె వేసే పద్ధతి ఉంది, క అయితే 1, గ అయితే 3, అలా. పాడకముందు ఐదు నిమిషాలు తాళానికి మాటలు పలికించండి, స్వరం లేకుండా. పదహారు నోళ్ళు ఒకే హల్లుని ఒకే క్షణంలో పలికితే గోష్ఠి ఎంత స్పష్టంగా ఉంటుందో వినాల్సిందే.

ఊపిరి కూడా కాయితంమీద గుర్తు పెట్టండి. 'సన్మార్గ' మధ్యలో ఎవరూ ఆగకూడదు, 'వచనముల' తర్వాత అందరూ ఒకేసారి.

మిశ్రచాపు:

వారాల లెక్క నేను వేస్తాను. వారానికి రెండు సాధనలు, గంటంపావు చొప్పున, మొత్తం ఇరవై. పిల్లలకు అంతకు మించి వద్దు, గొంతులు అలసిపోతాయి. మొదటి మూడు వారాలు దివ్యనామాలూ అభ్యాసాలే. నాలుగో వారం నుంచి ఏడో వారం దాకా సాధించెనే, వారానికి రెండు మూడు చరణాలు మించకుండా. ఎనిమిదో వారంలో కొత్తదేమీ చెప్పొద్దు, మొదటినుంచి చివరిదాకా ఆగకుండా పాడటమే. తొమ్మిదిలో మృదంగం. పదిలో హాల్లో కూర్చునే వరుసలో. మృదంగం మొదటి వారంనుంచే పెడితే పిల్లలు దాన్ని ఊతకర్ర చేసుకుంటారు, సొంత లయ నిలవదు. ఆ అబ్బాయి అప్పటిదాకా తాళం వేస్తూ పాట బట్టీ పట్టాలి, సాహిత్యం తెలియకుండా వాయించడం వద్దు.

వేళచ్చేరి పిట్ట:

ఈ శనివారమే మొదలుపెడుతున్నాం. అబ్బాయి మృదంగం 24 అంగుళాలదే, కంజీరకి ఒప్పుకున్నాడు. ఆఖరి సందేహం: హాల్లో మైకులు ఎన్ని, ఎవరెక్కడ కూర్చోవాలి?

తంబురా తీగ:

నిలకడైన గొంతులు వెనక వరుస మధ్యలో కూర్చోవాలి. చిన్నపిల్లలకి శ్రుతి వెనకనుంచి చెవిలో పడుతుంది. అందరూ ముద్దుగా కనిపించాలని జంట స్వరాల ముగ్గుర్నీ ముందు ఒక్కచోట కూర్చోబెడతారు, అలా వద్దు. ఒక్కొక్కరికి అటూ ఇటూ వర్ణాల పిల్లలుండాలి. మైకులు మూడు చాలు, ముందు వరుసకి మూడడుగుల దూరంలో, ఎత్తుగా పెట్టి వెనక వరుస వైపు వంచండి. ఒక్కరి నోటిముందూ మైకు ఉండకూడదు, ఉంటే గోష్ఠి పోయి ఆ ఒక్కరి కచేరీ అవుతుంది. కంజీరకి మైకు వద్దు. హాలు పెద్ద స్పీకర్లు మీ వెనక ఉంటే మైకులు కూస్తాయి, మీకంటే ముందుండేలా చూడమనండి. శ్రుతి పెట్టెకి మాత్రం విడిగా ఒక చిన్న స్పీకరు అడగండి, అది వెనక వరుస వీపుల వెనక నేలమీద ఉండాలి. జనానికి తంబురా వినపడకపోయినా ఫర్వాలేదు, పదహారు మందికీ వినపడాలి. తెర తీయకముందే అందరూ నోరు మూసుకుని ఒక నిమిషం షడ్జం పట్టండి.